పాత డాస్ ప్రోగ్రాం కోసం వర్చువల్ మెషీన్‌లో డిస్క్ పార్టిషన్లు: ముందు డ్రైవ్ అక్షరాలు, తర్వాతే ఎఫ్‌డిస్క్

మా కాకకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం. పత్తి, మిర్చి. పాతికేళ్ల కింద ఒక కంప్యూటర్ కొని, ఎవరో కుర్రాడితో ఫాక్స్‌ప్రో అనే డాస్ కాలపు డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల ప్రోగ్రాం రాయించుకున్నాడు. ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడు, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, పంటకు ముందు చేబదులు ఎంత తీసుకున్నాడు, అన్నీ అందులోనే ఉండేవి. ఆ డబ్బా మూలన పడి ఎన్నేళ్లయిందో. మొన్న ఇద్దరు అన్నదమ్ములు ఒక పాత బాకీ గురించి పంచాయితీకి వస్తే, కాక హనుమకొండలో ఉన్న నాకు ఫోన్ చేసి "డబ్బాలనే ఉన్నయి కదరా పద్దులన్ని, తీస్తే అయిపాయె" అన్నాడు. తీస్తే అయిపోలేదు, నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు పోయింది డిస్క్ పార్టిషన్ల దగ్గరే, అంటే డిస్క్‌ను భాగాలుగా పంచే పని దగ్గరే, అందుకే ఇది రాస్తున్నాను.

డాస్ అంటే విండోస్‌కు ముందు కాలంలో కమాండ్లు కొట్టి నడిపిన సిస్టమ్. 64 బిట్ విండోస్‌లో పాత డాస్ ప్రోగ్రాంలు నేరుగా నడవవు, వాటిని నడిపే భాగమే అందులో లేదు. విండోస్‌లోనే డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ ఉంది కదా అంటారు, నిజమే. మీ పని దాంట్లో జరిగిపోతే ఇది చదవాల్సిన అవసరం కూడా లేదు, ఒక ఫోల్డర్‌ను డి: డ్రైవ్‌గా మౌంట్ చేసుకుని హాయిగా వాడుకోండి. కానీ దాన్ని ఆటల కోసం తయారు చేశారు. మా కాక ప్రోగ్రాం రికార్డ్ లాకింగ్ (ఒక పద్దును దిద్దేటప్పుడు దానికి తాళం వేయడం) దగ్గర దాంట్లో మొరాయించింది. అందుకే అసలైన డాస్, అసలైన పార్టిషన్లు, వర్చువల్‌బాక్స్ లోపల. కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను (వర్చువల్ మెషీన్) నడిపే ప్రోగ్రాం అది.

ఒక మాట ముందే: కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను, కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. చిన్నబడి, పెద్దబడి తేడా డాస్‌కు లేదు.

కాగితం మీద చేసే పని

అందరూ నేరుగా ఎఫ్‌డిస్క్ (పార్టిషన్లు చేసే డాస్ ప్రోగ్రాం) తెరిచి ఎన్ని ఎంబీలు ఇద్దామా అని ఆలోచిస్తారు. నేనూ అదే చేశాను, తప్పు. ముందు తేల్చుకోవాల్సింది సైజు కాదు, మీ ప్రోగ్రాం ఏ డ్రైవ్ అక్షరాన్ని వెతుకుతుంది అన్నది. ఆ రోజుల్లో ప్రోగ్రాం రాసినవాళ్లు దారిని కోడ్‌లోనే గట్టిగా రాసేసేవాళ్లు. మా దాంట్లో డేటా అంతా డి: డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండాలి, ప్రోగ్రాం సి: లో ఉండాలి. డి: లేకపోతే ప్రోగ్రాం నల్ల స్క్రీన్ మీద ఒక ఎర్రర్ చూపి ఊరుకుంటుంది, కారణం చెప్పదు.

ఎలా కనుక్కోవాలి? పాత హార్డ్ డిస్క్ నుంచి వచ్చిన ఫోల్డర్లలో బ్యాచ్ ఫైళ్లు ఉంటాయి, పేరు చివర బీఏటీ అని ఉండేవి. వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. సీడీ డి: అనో, సెట్ పాత్ అనో ఏదో ఒక లైను కనిపిస్తుంది. కన్ఫిగ్.సిస్, ఆటోఎక్సెక్.బ్యాట్ ఫైళ్లు కూడా దొరికితే వాటినీ దాచుకోండి, చివర్లో పనికొస్తాయి. ఫాక్స్‌ప్రో సోర్స్ ఫైళ్లు దొరికితే ఇంకా మంచిది, "సెట్ డిఫాల్ట్ టు" అన్న మాట వెతికితే చాలు. ఏదీ దొరక్కపోతే దుకాణంలో అది రోజూ వాడినవాళ్లను అడగండి. కాకను అడిగితే "మొదట డి అని కొట్టి, తర్వాత ఎఫ్ రెండు నొక్కేది" అన్నాడు, ఆయనకు డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు కానీ వేళ్లకు గుర్తుంది.

ఇక సైజు సంగతి. ఎంఎస్-డాస్ 6.22 అనేది 1994 నాటిది, ఇంత సైజు హార్డ్ డిస్క్ మీద ఫైళ్లు సర్దడానికి దానికి తెలిసిన పద్ధతి ఫ్యాట్16 ఒక్కటే. ఒక పార్టిషన్ 2 జీబీ దాటకూడదు. ఇప్పటి లెక్కలో 2 జీబీ అంటే చిల్లర కదా, మొత్తం ఇచ్చేద్దాం అనిపిస్తుంది. ఇవ్వకండి. ఫ్యాట్16లో పార్టిషన్ పెద్దదయ్యేకొద్దీ క్లస్టర్ పెద్దదవుతుంది. క్లస్టర్ అంటే గోనె సంచి అనుకోండి: మిరపకాయలు పిడికెడే ఉన్నా ఒక సంచి మొత్తం దానికే పోతుంది, మిగతా జాగాలో ఇంకో రైతు సరుకు పోయలేరు. 128 ఎంబీ నుంచి 255 ఎంబీ వరకు క్లస్టర్ 4 కేబీ. 256 నుంచి 511 వరకు 8 కేబీ. 1 జీబీ దాటితే 32 కేబీ. మా పద్దుల్లో రైతుకో చిన్న ఫైలు, అలాంటివి 3,000 ఉన్నాయనుకుంటే, ఒక్కోటి రెండు కేబీలే అయినా 2 జీబీ పార్టిషన్‌లో దాదాపు 94 ఎంబీ తింటాయి, 250 ఎంబీ పార్టిషన్‌లో 12 ఎంబీ లోపే సరిపోతాయి. వర్చువల్ డిస్క్‌లో జాగాకు కరువేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ చిన్న డిస్క్‌ను కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడం, స్నాప్‌షాట్ (మెషీన్ ఇప్పుడున్న స్థితిని దాచుకుని, కావాలంటే మళ్లీ అక్కడికే రావడం) తీసుకోవడం చాలా తేలిక.

ఇంకో పరిమితి ఎవరూ చెప్పరు. ఫ్యాట్16 హార్డ్ డిస్క్‌లో రూట్ డైరెక్టరీలో, అంటే నేరుగా డి: కింద, 512 ఎంట్రీలకే చోటు. ఫైళ్లన్నీ ఫోల్డర్ లేకుండా డి: మీద పోస్తే, డిస్క్‌లో 200 ఎంబీ ఖాళీ ఉన్నా కాపీ మధ్యలో ఆగిపోతుంది. ఫోల్డర్ లోపల పెడితే ఆ గొడవ లేదు.

నేను చివరకు తేల్చుకున్నది: ఒక డిస్క్, 450 ఎంబీ. అందులో సి: 200, మిగిలిన 250 డి:. రెండూ 255 లోపే, రెండింటికీ 4 కేబీ క్లస్టరే. బయటి నుంచి ఫైళ్లు తేవడానికి ఇంకో చిన్న డిస్క్, 100 ఎంబీ, అది ఈ: కావాలి. ఈ మూడు అక్షరాలు ఒక కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించుకోండి, నవ్వులాట కాదు.

మెషీన్ తయారు చేయడం

ఇది త్వరగా అయ్యే పని. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్, టైపు అదర్, వెర్షన్ డాస్. మెమరీ 32 ఎంబీ చాలు, దయచేసి 4 జీబీ ఇవ్వకండి, డాస్ దాన్ని ఏం చేసుకుంటుంది. ఈఎఫ్ఐ (కొత్త కంప్యూటర్ల బూట్ పద్ధతి) టిక్ ఉంటే తీసేయండి. ప్రాసెసర్ ఒకటే.

డిస్క్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. డిస్క్‌ను తగిలించే కంట్రోలర్ పాత రకం ఐడీఈ అయి ఉండాలి, కొత్త రకం సాటా కాదు. హార్డ్ డిస్క్ ఫైల్ వీడీఐ (వర్చువల్‌బాక్స్ సొంత) రకం, 450 ఎంబీ. ఫ్లాపీ కంట్రోలర్ లేకపోతే స్టోరేజ్ సెట్టింగుల్లో ఒకటి జోడించండి. సిస్టమ్ సెట్టింగుల్లో బూట్ ఆర్డర్‌లో ఫ్లాపీ మొదట, హార్డ్ డిస్క్ తర్వాత. ఈఎఫ్ఐ ఉన్నా, బూట్ ఆర్డర్ తలకిందులుగా ఉన్నా తెల్ల అక్షరాలతో నల్ల స్క్రీన్ వచ్చి అక్కడే నిలబడిపోతారు.

డాస్ ఫ్లాపీలు మూడు, ఒక్కోటి 1.44 ఎంబీ. మీ దగ్గర పాత ఒరిజినల్ ఫ్లాపీలు ఉండి వాటి ఇమేజ్‌లు తీసుకోగలిగితే సరే. లేకపోతే ఫ్రీడాస్ వాడండి, ఉచితం, ఎవరినీ అడగక్కర్లేదు. 1994లో జిమ్ హాల్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది, 2022లో 1.3 వెర్షన్ వచ్చింది. ఫ్రీడాస్ ఎఫ్‌డిస్క్‌కు ఫ్యాట్32 కూడా తెలుసు, మెనూలు కొంచెం వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే. మా ఇంట్లో పాత పెట్టెలో మూడు ఫ్లాపీలూ దొరికాయి, మూడోది చదువుతుందా లేదా అని ఒక పూట టెన్షన్, చదివింది.

మొదటి ఫ్లాపీతో బూట్

మెషీన్ ఆన్ చేస్తే డాస్ సెటప్ నీలం స్క్రీన్ వస్తుంది. ఎంటర్ కొట్టాలని చేయి లాగుతుంది. కొట్టకండి. ఖాళీ డిస్క్ చూసి "నేనే కాన్ఫిగర్ చేస్తాను" అని అడుగుతుంది, ఒప్పుకుంటే 450 ఎంబీ మొత్తం ఒకే సి: చేసేసి పెడుతుంది, మీ డి: పోయినట్టే. ఎఫ్3 నొక్కండి, మళ్లీ ఎఫ్3. ఏ: ప్రాంప్ట్‌కు, అంటే కమాండ్ కొట్టే చోటుకు, వస్తారు. మనకు కావలసింది అదే.

ఇప్పుడు ఎఫ్‌డిస్క్ అని కొట్టి ఎంటర్. నాలుగు వరుసల మెనూ:

1. పార్టిషన్ తయారు చేయడం
2. యాక్టివ్ పార్టిషన్ పెట్టడం
3. తీసేయడం
4. ఉన్నవి చూడడం

ముందు 4 నొక్కి చూడండి, ఏమీ లేదు అనాలి. అంటే సరైన డిస్క్ మీదే ఉన్నారు. ఎస్కేప్ కొట్టి వెనక్కి రండి.

ఎఫ్‌డిస్క్ చేసే పని పొలానికి గట్లు వేయడం లాంటిదే, దున్నడం కాదు. ఇక్కడ రకాలు రెండు. ప్రైమరీ అంటే ఇంటి పెద్ద పేరు మీద ఉన్న చెలక, దాంట్లోంచే డాస్ లేచి నిలబడుతుంది. ఎక్స్‌టెండెడ్ అంటే చుట్టూ వేసే కంచె మాత్రమే, ఆ కంచె లోపల లాజికల్ డ్రైవ్‌లనే మడులు కట్టాలి. కంచెకు డ్రైవ్ అక్షరం రాదు, మడులకే వస్తుంది. చాలామంది ఎక్స్‌టెండెడ్ చేసి, లోపల లాజికల్ చేయడం మరిచిపోయి, డి: ఎందుకు రాలేదని తల పట్టుకుంటారు.

మెనూలో 1, మళ్లీ 1, అంటే ప్రైమరీ. అప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది: ఉన్న జాగా మొత్తం దీనికే ఇచ్చి యాక్టివ్ చేయమంటావా, అవునా కాదా. అక్కడ అవును అనేది ముందే కొట్టి ఉంటుంది, అలవాటులో ఎంటర్ కొడితే మొత్తం పోతుంది. ఎన్ కొట్టి ఎంటర్. తర్వాత సైజు అడుగుతుంది, ఎంబీలలోనైనా శాతంలోనైనా. 200 అని కొట్టండి. అక్కడ ముందే ఉన్న అంకె మీద రాస్తున్నారు కాబట్టి వెనకాల పాత అంకె మిగిలిపోలేదు కదా అని చూసుకోండి, నేను ఒకసారి తడబడి 2000 అనిపించి తిట్లు తిన్నాను. సిలిండర్ లెక్క కోసం 200ను కాస్త సవరించి చూపించవచ్చు, ఒకటీ అరా తేడా వస్తే కంగారు పడకండి.

ఎస్కేప్ కొట్టి మెనూకు వస్తే అడుగున ఒక హెచ్చరిక కనిపిస్తుంది, ఏ పార్టిషన్ యాక్టివ్‌గా లేదని. మొత్తం జాగా ఇవ్వనందుకు ఇది మనమే చేయాలి. 2 నొక్కి, 1 అని చెప్పండి. స్టేటస్ గడిలో ఏ అన్న అక్షరం వస్తుంది. ఇది మరిచిపోతే ఇన్‌స్టాల్ అంతా సాఫీగా జరిగి, చివరన ఫ్లాపీ తీసి రీస్టార్ట్ చేశాక మాత్రమే బయటపడుతుంది, అప్పుడు ఎవరి మీద కోపం వస్తుందో చెప్పలేం.

తర్వాత 1, 2: ఎక్స్‌టెండెడ్. ఇక్కడ మిగిలిన జాగా మొత్తం ఇచ్చేయండి, చూపించిన అంకెకే ఎంటర్. ఎస్కేప్ కొట్టగానే తనంతట తనే లాజికల్ డ్రైవ్ తయారు చేసే స్క్రీన్‌కు తీసుకెళ్తుంది. అక్కడా మొత్తం ఇచ్చి ఎంటర్. డి: అని పేరు కనిపిస్తుంది. మళ్లీ ఒకసారి మెనూ 4తో చూడండి: ఒకటో వరుసలో సి:, యాక్టివ్, ప్రైమరీ; రెండో వరుసలో ఎక్స్‌టెండెడ్. లోపల లాజికల్ డ్రైవ్ చూపించమంటావా అంటే అవును అనండి, డి: కనపడాలి.

ఏదైనా తప్పు జరిగితే తీసే క్రమం తలకిందులు: ముందు లాజికల్, తర్వాత ఎక్స్‌టెండెడ్, చివరన ప్రైమరీ. కంచె లోపల మడి ఉండగా కంచె తీయనివ్వదు. లేబుల్ పెట్టిన డ్రైవ్ తీసేటప్పుడు ఆ లేబుల్ పేరు కొట్టమంటుంది, సరిగ్గా కొట్టకపోతే వదలదు. పొరపాటున తీసేయకుండా పెట్టిన అడ్డు అది, నాకు నచ్చిన విషయం.

ఎస్కేప్ మీద ఎస్కేప్ కొట్టి బయటకు వస్తే, రీస్టార్ట్ చేయమంటుంది. చేయండి. ఇది ఊరికే మర్యాదకు చెప్పే మాట కాదు. డాస్ పార్టిషన్ టేబుల్‌ను లేచేటప్పుడే చదువుతుంది, రీస్టార్ట్ చేయకుండా ఫార్మాట్ కొడితే సి: ఉన్నట్టే దానికి తెలియదు.

ఫార్మాట్

మళ్లీ ఫ్లాపీ నుంచి లేస్తుంది, మళ్లీ ఎఫ్3 రెండుసార్లు. ఇప్పుడు సి: అని కొట్టి చూడండి, "ఇన్‌వ్యాలిడ్ మీడియా టైప్" అంటుంది. భయపడకండి, గట్లు వేశాం, ఇంకా దున్నలేదు, అంతే. దున్నడం ఇప్పుడు:

ఫార్మాట్ సి: /ఎస్

ఫార్మాట్ తర్వాత ఒక ఖాళీ, సి, కోలన్, ఒక ఖాళీ, స్లాష్, ఎస్. డేటా అంతా పోతుంది అని హెచ్చరిస్తుంది, వై కొట్టండి. ఆ /ఎస్ వల్ల డాస్ లేవడానికి కావలసిన మూడు ఫైళ్లు, అంటే ఐఓ.సిస్, ఎంఎస్‌డాస్.సిస్, కమాండ్.కామ్, సి: మీదకు వచ్చి కూర్చుంటాయి. లేబుల్ అడిగితే 11 అక్షరాలు మించకుండా ఏదో ఒకటి పెట్టండి. తర్వాత ఫార్మాట్ డి:, దీనికి /ఎస్ అక్కర్లేదు.

ఫార్మాట్ పూర్తయ్యాక కింద కొన్ని అంకెలు వస్తాయి, అందరూ వాటిని వదిలేస్తారు. చూడండి. ఒక్కో అలొకేషన్ యూనిట్‌లో ఎన్ని బైట్లు అన్న వరుస ఉంటుంది, రెండు డ్రైవ్‌లకూ అక్కడ 4,096 ఉండాలి. 8,192 కనిపిస్తే ఆ పార్టిషన్ 256 దాటిందని అర్థం. పెద్ద నష్టమేమీ కాదు, కావాలంటే అలాగే ఉంచేయండి, నాకైతే లెక్క తప్పితే నిద్ర పట్టదు.

ఇప్పుడు ఏ: ప్రాంప్ట్‌లో సెటప్ కొట్టి డాస్ ఇన్‌స్టాల్ చేసుకోండి. రెండో ఫ్లాపీ అడిగినప్పుడు వర్చువల్‌బాక్స్ పైన డివైసెస్ మెనూలోంచి మారుస్తారు, మౌస్ లోపల ఇరుక్కుంటే కుడి వైపు కంట్రోల్ కీ నొక్కితే బయటకు వస్తుంది. మూడు ఫ్లాపీలు అయ్యాక ఫ్లాపీ తీసేసి రీస్టార్ట్. సి: ప్రాంప్ట్ వస్తే సగం గెలిచినట్టు.

వెంటనే ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. ఇప్పుడే, ఇంకో డిస్క్ తగిలించక ముందు. కారణం కింద చెప్తాను.

ఈ: డ్రైవ్, నా పరువు పోయిన చోటు

బయటి ఫైళ్లు లోపలికి ఎలా పంపాలి? ఫ్లాపీ ఇమేజ్‌లలో పెట్టి పంపొచ్చు కానీ 1.44 ఎంబీ చొప్పున ఎన్నని. తేలిక దారి వీహెచ్‌డీ రకం డిస్క్. వర్చువల్‌బాక్స్‌కూ విండోస్‌కూ రెండింటికీ అర్థమయ్యే ఫైలు అది. మెషీన్ ఆపి ఉన్నప్పుడు విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, యాక్షన్ మెనూలో అటాచ్ వీహెచ్‌డీ అంటే అది పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. ఫైళ్లు పోసి, డిటాచ్ చేసి, మెషీన్ ఆన్ చేస్తే డాస్‌కు కనిపిస్తుంది.

100 ఎంబీ, ఫిక్స్‌డ్ సైజు, ఐడీఈలో రెండో డిస్క్‌గా తగిలించాను. ఎఫ్‌డిస్క్‌లో దానికి ప్రైమరీ పార్టిషన్ చేశాను, అందరూ చేసేదే కదా. ఫార్మాట్ చేశాను. ఫైళ్లు పోశాను. కాక పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, చాయ్ కూడా వచ్చింది. ప్రోగ్రాం కొట్టాను. డేటా దొరకలేదు. డి: లోకి వెళ్లి చూస్తే రాత్రి కూర్చుని కాపీ చేసిన పద్దుల ఫోల్డరే లేదు.

"ఏందిరా, పద్దులు పోయినయా?" అన్నాడు కాక, గొంతు మారింది.

పోలేదు. ఈ: లో ఉన్నాయి. డాస్ అక్షరాలు పంచే పద్ధతి పెళ్లి బంతి లాంటిది. ముందు వచ్చిన ప్రతి ఇంటి పెద్దనూ కూర్చోబెడుతుంది, ఆ తర్వాతే పిల్లల వంతు. మొదటి డిస్క్ ప్రైమరీ సి:. రెండో డిస్క్‌లో ప్రైమరీ ఉంటే వెంటనే దానికి డి:. అందరు పెద్దలూ అయ్యాక, మొదటి డిస్క్ లోపలి లాజికల్ డ్రైవ్‌కు ఈ:. నేను కొత్త డిస్క్‌కు ఇంటి పెద్దను పెట్టినందుకు, మా పద్దుల డ్రైవ్ ఒక విస్తరి వెనక్కి జరిగింది.

కాబట్టి రెండో డిస్క్‌కు ప్రైమరీయే పెట్టకూడదు. ఎఫ్‌డిస్క్‌లో ఇప్పుడు డిస్క్‌లు రెండు కాబట్టి మెనూలో 5 అనే కొత్త వరుస వస్తుంది, డిస్క్ మార్చడానికి. 5 నొక్కి 2 ఎంచుకోండి. స్క్రీన్ పైన ప్రస్తుత డిస్క్ 2 అని ఉందా అని రెండుసార్లు చూడండి, ఇక్కడ తప్పితే సి: డి: రెండూ పోతాయి. తప్పుగా చేసిన ప్రైమరీ ఉంటే తీసేయండి. తర్వాత 1, నేరుగా 2, ఎక్స్‌టెండెడ్ మాత్రమే, మొత్తం జాగా. లోపల ఒక లాజికల్ డ్రైవ్. రీస్టార్ట్. ఇప్పుడు బంతిలో పెద్ద ఒక్కరే, సి:. తర్వాత మొదటి డిస్క్ పిల్ల డి:, రెండో డిస్క్ పిల్ల ఈ:. ఫార్మాట్ ఈ: కొట్టే ముందు డీఐఆర్ డి: కొట్టి, ముందే కాపీ చేసిన పద్దులుంటే అవి డి: లోనే కనిపిస్తున్నాయని చూసుకోండి. ఈ: అనుకుని పద్దుల డ్రైవ్‌ను ఫార్మాట్ చేసినవాళ్లను, స్నాప్‌షాట్ ఉంటే తప్ప, ఎవరూ ఓదార్చలేరు.

స్నాప్‌షాట్ మాట వచ్చింది కాబట్టి: స్నాప్‌షాట్ తీసుకున్నాక డాస్ రాసే కొత్త డేటా అసలు ఫైలులోకి పోదు, పక్కన ఇంకో ఫైలులోకి పోతుంది. అప్పుడు విండోస్‌లో అసలు వీహెచ్‌డీని తగిలించి దాంట్లో రాస్తే, రెండు ఫైళ్లకూ పొత్తు కుదరక డ్రైవ్ చెడిపోతుంది. అందుకే వీహెచ్‌డీ తగిలించకముందే స్నాప్‌షాట్ తీసుకోమన్నాను. తర్వాత కూడా స్నాప్‌షాట్లు కావాలంటే ఆ వీహెచ్‌డీని మీడియా మేనేజర్‌లో రైట్‌త్రూ రకంగా మార్చండి, అప్పుడు దాన్ని స్నాప్‌షాట్లు ముట్టుకోవు. అలాగే ఒకే సమయంలో విండోస్‌లోనూ మెషీన్‌లోనూ దాన్ని తెరిచి ఉంచకండి.

ఫైళ్లు పోయడం, ప్రోగ్రాం లేపడం

పాత హార్డ్ డిస్క్‌ను యూఎస్‌బీ కన్వర్టర్‌తో తగిలించి ఫోల్డర్లు కాపీ చేసుకున్నాను, అది టక్ టక్ మంటూనే ఇచ్చింది. మీ డిస్క్ ఆరోగ్యంగా ఉంటే మొత్తం డిస్క్ ఇమేజ్ తీసి వీడీఐగా మార్చుకునే దారి కూడా ఉంది, అప్పుడు ఈ పార్టిషన్ల పనే ఉండదు. మాది అంత బాగా లేదు, అవసరమైన ఫోల్డర్లు ముందు లాగేసుకోవడమే తెలివి అనిపించింది.

విండోస్‌లో వీహెచ్‌డీలోకి కాపీ చేసేటప్పుడు ఫైలు పేర్లు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు దాటకుండా చూసుకోండి. పాత ఫైళ్లకు ఇబ్బంది లేదు, మీరు కొత్తగా పెట్టిన "పాత పద్దుల కాపీ ఫైనల్" లాంటి ఫోల్డర్ పేరే డాస్‌లో తోకలు, గుర్తులతో వింతగా కనిపిస్తుంది. అందుకే నేను ఫోల్డర్‌కు అడ్తి అని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలే పెట్టాను. మెషీన్ లేచాక ఎక్స్‌కాపీ ఈ:\అడ్తి డి:\అడ్తి /ఎస్ /ఈ. ఫైలా డైరెక్టరీయా అని అడిగితే డైరెక్టరీ అని చెప్పండి.

కన్ఫిగ్.సిస్ లో ఫైల్స్=40 పెట్టండి, ఫాక్స్‌ప్రో ఒకేసారి చాలా ఫైళ్లు తెరుస్తుంది, తక్కువుంటే మధ్యలో ఎర్రర్ కొట్టి ఆగుతుంది. పాత డిస్క్‌లో దొరికిన కన్ఫిగ్.సిస్ ఉంటే అందులోని అంకెలే తీసుకోవడం ఇంకా నయం, అప్పటి కుర్రాడు ఏదో తెలిసే పెట్టి ఉంటాడు.

డాస్‌కు షట్‌డౌన్ లేదు. ప్రోగ్రాంలోంచి బయటకు వచ్చి, సి: ప్రాంప్ట్ కనిపించాక, ఒక ఐదు సెకన్లు ఆగి పవర్ ఆఫ్ చేయండి. స్మార్ట్‌డ్రైవ్ (డిస్క్ డేటాను కాసేపు మెమరీలో ఉంచే డాస్ ప్రోగ్రాం) రాయాల్సినది కాస్త ఆలస్యంగా రాయవచ్చు, పద్దు తెరిచి ఉండగా కిటికీ మూసేస్తే ఇండెక్స్ చెడిపోతుంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే అది డాస్ స్వభావం, పనిలేకున్నా ప్రాసెసర్‌ను తిప్పుతూనే ఉంటుంది. ఫ్రీడాస్‌లో అయితే ఎఫ్‌డీఏపీఎం అనే చిన్న ప్రోగ్రాం దాన్ని శాంతపరుస్తుంది.

విండోస్ 98 కావాలనేవాళ్లకు

నలుగురు ఇప్పటికే అడిగారు కాబట్టి నాలుగు మాటలు. దాని ఎఫ్‌డిస్క్ మొదట్లోనే, డిస్క్ 512 ఎంబీ దాటితే, పెద్ద డిస్క్ సపోర్ట్ కావాలా అని అడుగుతుంది. అవును అంటే ఫ్యాట్32, కాదు అంటే పాత ఫ్యాట్16. మామూలుగా అవును అనండి. డిస్క్ 8 జీబీ లోపు ఉంచితే క్లస్టర్ 4 కేబీ దగ్గరే ఉంటుంది. 64 జీబీ దాటిన డిస్క్‌ను ఆ ఎఫ్‌డిస్క్ తప్పు సైజుతో చూపిస్తుంది, అంత పెద్దది దానికి అవసరమూ లేదు. మెమరీ 256 ఎంబీ ఇవ్వండి, 512 దాటితే అది తట్టుకోలేక ఎర్రర్లు మొదలవుతాయి. సీడీలోని విండోస్ 98 ఫోల్డర్‌ను డి: లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచే సెటప్ నడపండి, లేకపోతే ప్రతి చిన్న డ్రైవర్‌కూ సీడీ పెట్టమని ప్రాణం తీస్తుంది. కొత్త ప్రాసెసర్ల మీద విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్ వస్తే అది మీ పార్టిషన్ల తప్పు కాదు, దానికి వేరే ప్యాచ్ ఉంది.

మా పంచాయితీ సంగతి: ప్రోగ్రాం లేచింది, ఆకుపచ్చ అక్షరాలతో మెనూ వచ్చింది. కాక కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, నన్ను జరగమని, డి కొట్టి ఎఫ్2 నొక్కాడు. రైతు పేరులో మొదటి మూడు అక్షరాలు, ఎంటర్. అన్నదమ్ముల బాకీ 1,850 రూపాయలు, అదీ పెద్దాయన పేరు మీద కాదు, చిన్నాయన పేరు మీద.

ఆ రాత్రే మెషీన్ ఆపి, స్నాప్‌షాట్ ఫైళ్లతో సహా వీడీఐ, వీహెచ్‌డీ, మూడు ఫ్లాపీ ఇమేజ్‌లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. మానిటర్ కింద అంటించిన కాగితం కూడా ఇమ్మన్నాడు: సి: 200 ప్రైమరీ, డి: 250 పద్దులు, ఈ: రెండో డిస్క్, ఎక్స్‌టెండెడ్ మాత్రమే. రెండూ కలిపి ఒక పసుపు గుడ్డలో చుట్టి గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు.